ప్రేక్షకుడి వేషం: కారంపూడి అడిగే ప్రశ్న

మన నాటక విమర్శలో ప్రేక్షకుడికి కేటాయించిన పని ఒక్కటే: కూర్చుని చూడటం. అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించిన నాట్యశాస్త్రం ఆహార్యాన్ని నటుడికే ఇచ్చింది. ప్రేక్షకుడికి రసాస్వాదన మిగిల్చింది. ఆ తరవాత ఎన్ని వాదాలు వచ్చినా ఈ పంపకం మారలేదు. అభ్యుదయ విమర్శకులమని చెప్పుకునే మనం సైతం నాటకం ప్రజల్లోకి వెళ్ళాలి అన్నామేగాని, ప్రజలే వేషం కట్టి నాటకంలోకి నడిచివస్తే ఏం జరుగుతుందో పట్టించుకోలేదు.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తుతున్నానో చెప్పాలి. ఈమధ్య నరసరావుపేటలో నలుగురం సాహిత్య మిత్రులం కూర్చున్నప్పుడు, ఎం.ఏ. చదువుతున్న ఒక యువకుడు పాశ్చాత్య రంగస్థలం గురించి చాలా ఉత్సాహంగా మాట్లాడాడు. 1973లో లండన్‌లో రిచర్డ్ ఓబ్రియన్ రాసిన ‘రాకీ హారర్ షో’ అనే సంగీత నాటకం మొదలైంది. 1975లో అది సినిమా అయింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలకు వచ్చే జనం అందులోని పాత్రల్లాగా వేషాలు వేసుకుని రావడం, తెరమీది మాటలకు తాము జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి ఆ అలవాటు నాటక ప్రదర్శనలకూ పాకింది. “అలాంటి ప్రేక్షకుడు మనకు లేడు మాస్టారూ. మనవాడు చాపమీద కూర్చుని వన్స్‌మోర్ కొట్టేవాడే” అని ఆ అబ్బాయి తేల్చేశాడు.

“కారంపూడి ఎప్పుడన్నా వెళ్ళావా నాయనా?” అని అడిగాను.

“వెళ్ళకేమండీ, మా అమ్మమ్మగారిది ఆ పక్క ఊరే. కానీ అది తిరనాళ్ళు గదండీ, నాటకం కాదు” అన్నాడు.

నాకు ఆ జవాబు చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. ఆ అబ్బాయి తప్పేం లేదు. తిరనాళ్ళు వేరు, నాటకం వేరు అని అతనికి నేర్పింది మా తరం ఉపాధ్యాయులమే. టిక్కెట్టూ తెరా ఉంటే నాటకం, కొబ్బరికాయా కుంకుమా ఉంటే తిరనాళ్ళు అన్న ఈ విభజన ఎక్కణ్ణుంచి వచ్చిందో మనం ఎప్పుడూ అడగలేదు.

కారంపూడిలో జరిగేదేమిటో, చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 12వ శతాబ్ది చివరి భాగంలో గురజాల నలగామరాజు పక్షానికీ, మాచర్ల మలిదేవరాజు పక్షానికీ నాగులేటి ఒడ్డున కారంపూడి దగ్గర యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో పడిపోయిన వీరుల పేరున అక్కడ వీర్లగుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఈ పేర్లు చదివితేనే తెలుస్తుంది, ఇవి పూజల పేర్లు కావు. కథలో అంకాల పేర్లు. రాయబారం అంటే అలరాజు రాయబారం. మందపోరు అంటే పశువుల మందల మీద పడినప్పుడు జరిగిన పోరు. కోడిపోరు అంటే బ్రహ్మనాయుడి పుంజుకూ నాయకురాలు నాగమ్మ పుంజుకూ మధ్య పందెం. కల్లిపాడు చివరి యుద్ధరంగం. రాజ్యం నుంచి వలసకూ, వలస నుంచి యుద్ధానికీ దారితీసిన కథ అయిదు రోజుల్లో, అదే నేలమీద, మళ్ళీ నడుస్తుంది. కథాక్రమం కొంచెం అటూ ఇటూ అయినా, వచ్చినవాళ్ళకు అది అడ్డం కాదు. కథ అందరికీ ముందే తెలుసు.

మరి ఈ నాటకంలో నటులెవరు? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం. కథను పాడేవారు వీరవిద్యావంతులు. ఎక్కువమంది మాల కులంవారు. వాళ్ళను నటులనుకుంటే, ఎదుట నిలబడ్డవాళ్ళను ప్రేక్షకులనాలి. కానీ ఆ ఎదుట నిలబడ్డవాళ్ళ చేతుల్లో ఆయుధాలున్నాయి. వాళ్ళు వీరాచారవంతులు. పల్నాటి ఊళ్ళనుంచేగాక దూరపు జిల్లాలనుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క వీరుడి ఆయుధాన్ని తరతరాలుగా ఇంట దాచుకుంటుంది. ఏడాదికొకసారి దాన్ని పూలతో, పసుపు కుంకుమలతో అలంకరించి ఎత్తుకుని వస్తుంది. నాగులేట్లో స్నానం చేయిస్తుంది. బ్రహ్మనాయుడి నృసింహకుంతం మొదలుకొని అరవైఆరుగురు వీరనాయకుల పరివారమంతా అట్లా కదలివచ్చినట్టే.

వీళ్ళకు కిరీటాలు లేవు, భుజకీర్తులు లేవు, ముఖాన రంగు లేదు. ఆయుధమే వేషం. నిన్నటిదాకా పొలంలో మిరపకాయలు కోసినవాడు, లారీ నడిపినవాడు, ఆ ఆయుధం భుజానికెత్తుకోగానే ఒక వీరుడి పక్షాన నిలబడ్డవాడవుతాడు. కథ వినడానికి వచ్చినవాడే కథలో ఒకడవుతాడు. చివరి రోజున కల్లిపాడులో వీళ్ళు నేలకొరుగుతారు కూడా. లండన్ ప్రేక్షకుడు పాత్రలాగా అలంకరించుకుని వచ్చి, పాత్రతో మాట్లాడి, ఇంటికి వెళతాడు. కారంపూడి ప్రేక్షకుడు పాత్ర పడినచోట తానూ పడతాడు. పరాయి దేశంలో యాభై ఏళ్ళ కిందట పుట్టిన అలవాటును చూసి ఆశ్చర్యపోయే మనం, మన గుమ్మంముందు శతాబ్దాలుగా నడుస్తున్నదాన్ని తిరనాళ్ళని పక్కన పెట్టాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇది భక్తి, నాటకం కాదు; ఆ మనిషి తాను నటిస్తున్నానని అనుకోవడం లేదు, అని. నిజమే. కానీ మొక్కు ఉన్నంత మాత్రాన ఆట లేకుండా పోదు. తిరుపతి గంగమ్మ జాతరను చూడండి. అక్కడ కథ ఒక పాలెగాడిది. ఆడవాళ్ళను చెరిచే ఆ పాలెగాడిని పట్టుకోవడానికి గంగమ్మ రోజుకొక మారువేషం వేసి తిరిగి, చివరకు వాడి తల తీసిందని చెబుతారు. జాతర రోజుల్లో ఊరి జనం బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఆ క్రమాన్నే అనుసరిస్తారు. మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. పిల్లలకు వేషం వేసి గుడికి తీసుకొస్తారు. మొక్కు ఉంది, నవ్వు ఉంది, బూతు ఉంది, పెత్తందారును చంపిన కథ ఉంది. భక్తి అని ఒక్క మాట అనేసి విమర్శకుడు చేతులు దులుపుకుంటే, ఇందులో సగం ఆయనకు కనిపించకుండా పోతుంది.

అసలు పల్నాటి వీరకథ విషయంలో మన పండితుల చూపు మొదటినుంచీ గ్రంథం మీదే ఉంది. శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేసి గొప్ప ఉపకారం చేశారు. దాన్ని కాదనలేం. ఆ తరవాత మన చర్చలన్నీ కర్తృత్వం చుట్టూ, పాఠాంతరాల చుట్టూ, యుద్ధం తేదీ చుట్టూ తిరిగాయి. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడే ఘట్టాన్ని మనం క్లాసుల్లో చెబుతాం. ఆ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి, ఛందస్సు చెప్పి, ముందుకు పోతాం. ఆమె ఎదుట గుమిగూడినవాళ్ళెవరు, వాళ్ళు ఎట్లా విన్నారు, విన్నవాళ్ళు ఏమయ్యారు అని అడగం. పాడేవారి నోటినుంచి కథను పూర్తిగా రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి, ఉత్సవంతో కలిపి చదివిన పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడి దగ్గర కూర్చుని చేసిన పని అది. మనవాళ్ళలో తంగిరాల వెంకట సుబ్బారావుగారు తెలుగు వీరగాథల మీద చాలా శ్రమించారు. అయితే ఇదంతా పాడేవాడి గురించీ పాట గురించీ. ఆయుధం మోసేవాడు ఇంకా మన విమర్శలోకి రాలేదు.

వస్తే ఏం తెలుస్తుంది? నా ఉద్దేశంలో తెలిసేది ఇది. వేషం వేసుకున్న ప్రేక్షకుడు కథమీద ఒక హక్కు సంపాదిస్తాడు, దానితోపాటు ఒక బాధ్యత కూడా మీద వేసుకుంటాడు. హక్కును గురించి మనం గొప్పగా చెప్పుకోవచ్చు. బాధ్యతను గురించి అడగడమే అభ్యుదయ విమర్శ పని.

ఆ అడగవలసిన చోటు చాపకూడు. కుల భేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని కథ. మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి దండనాయకుణ్ణి చేశాడని కథ. మందపోరు రోజున కారంపూడిలో ఈ చాపకూడు జరుగుతుంది. ఉత్సవమంతటిలోకీ నాకు ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. ఎందుకంటే ఇక్కడ ఆయుధం లేనివాడికీ పాత్ర దొరుకుతుంది. చాపమీద కూర్చుంటే చాలు, బ్రహ్మనాయుడి పంక్తిలో కూర్చున్నవాడవుతాడు. వంశం అక్కర్లేదు, వేషం అక్కర్లేదు. మన రచయితలు దీన్ని గురించి ఎన్నో వ్యాసాలు రాశారు. తెలుగునేలమీద తొలి సంఘసంస్కరణ అన్నారు. నేనూ రాశాను, చెప్పాను.

కానీ ఆ చాప ఎత్తేసిన మర్నాడు ఏమిటి?

ఇదే పాత గుంటూరు జిల్లాలో, 1991లో, చుండూరులో జరిగింది మనం మరిచిపోలేదు. అక్కడ గొడవకు మొదటి నిప్పురవ్వ పడింది సినిమా హాల్లో. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలిందన్నది కారణం. అది పెరిగి, సాంఘిక బహిష్కరణ అయి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యగా ముగిసింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. నేను ఈ సంగతిని ఇక్కడ ఊరికే తేవడం లేదు. అదీ ప్రేక్షకుల మధ్య జరిగిందే. ఒకే తెరను చూస్తూ పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ప్రేక్షకులు సమానులు కారని చుండూరు చెప్పింది. కారంపూడిలో సంవత్సరానికొకసారి ఒకే చాపమీద కూర్చోగలిగిన సమాజమే, సినిమా హాల్లో కాలు తగిలితే సహించలేకపోయింది. అంటే చాపకూడు అబద్ధమా? అబద్ధమని నేను అనను. అది ఒక పూట వేషమైంది. వేషం విప్పగానే సమానత్వాన్ని కూడా విప్పి పెట్టెలో పెట్టడం మనకు అలవాటైంది.

ఈ అలవాటు ఎవరిదో అన్నట్టు చెబితే అన్యాయం. నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసే బడిలో వార్షికోత్సవానికి పల్నాటి యుద్ధం మీద చిన్న నాటిక వేయించాను. పాత్రలు నేనే పంచాను. కన్నమదాసు వేషాన్ని, పెద్దగా ఆలోచించకుండానే, మాలపల్లెనుంచి వచ్చే ఒక కుర్రవాడికి ఇచ్చాను. గౌరవమైన పాత్రే ఇచ్చానని లోలోపల కొంత తృప్తి కూడా పడ్డాను. మర్నాడు వాడు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి, “సార్, నేను బాలచంద్రుడు వేస్తానండీ” అన్నాడు. కన్నమదాసు కూడా గొప్ప వీరుడే గదరా అన్నాను. “గొప్పోడేనండీ. అయితే అది ఇంకెవురికన్నా ఇవ్వండి” అన్నాడు.

నాకు మాట రాలేదు. చాపకూడు గురించి వ్యాసాలు రాసిన చేత్తోనే నేను పాత్రలు పంచినప్పుడు కులం చూశాను. వాడికి బాలచంద్రుడు ఇచ్చాను. కన్నమదాసు వేయడానికి పైకులంనుంచి ఒక పిల్లవాడు ఒప్పుకున్నాడు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. చివరకు ఆ పాత్ర లేకుండానే నాటిక ఆడింది. చాపకూడు సన్నివేశం మాత్రం ఉంది. జనం చప్పట్లు కొట్టారు. కన్నమదాసు లేని చాపకూడుకు కొట్టిన ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

వేషం అంటే ఏమిటో ఆ కుర్రవాడు నాకంటే బాగా గ్రహించాడు. నీ స్థానాన్ని నీకే అలంకరించి ఇస్తే అది వేషం కాదు. నీది కాని స్థానంలో నిలబడి అక్కణ్ణుంచి లోకాన్ని చూడగలిగితేనే వేషం. గంగమ్మ జాతరలో మగవాడు చీర కట్టడంలో, సామాన్యుడు దొర వేషం వేయడంలో కొంత అర్థం ఉన్నది అందుకే. పైకులం పిల్లవాడు కన్నమదాసు వేషం కట్టడానికి ఇంట్లో ఒప్పుకోని రోజున, మన కళ సగం దారిలో ఆగిపోయినట్టే.

ప్రేక్షకుణ్ణి నాటకంలోకి తేవాలన్న ఆలోచన ప్రపంచంలో చాలాచోట్ల, చాలాసార్లు వచ్చింది. 1758లో రూసో, చీకటి గదుల్లో కూర్చోబెట్టే నాటకానికి బదులు, ప్రేక్షకులే పాత్రధారులయ్యే బహిరంగ ఉత్సవం కావాలన్నాడు. 1920 నవంబరులో పెట్రోగ్రాడ్‌లో, విప్లవం మూడో వార్షికోత్సవాన, వింటర్ ప్యాలెస్ ముట్టడిని అదే స్థలంలో వేలాదిమంది తిరిగి ప్రదర్శించారు. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో చూసేవాడే చేసేవాడు కావాలన్నాడు; కథ తనకు అన్యాయంగా నడుస్తున్నప్పుడు ప్రేక్షకుడు లేచి దాన్ని ఆపి, తానే ఆ పాత్రలోకి దిగి వేరే దారి చూపాలన్నాడు. కారంపూడికీ బోల్‌కూ మధ్య తేడా ఇక్కడే ఉంది. కారంపూడిలో ప్రేక్షకుడు కథలోకి వెళతాడు గాని కథను మార్చడు. అలరాజు ప్రతి ఏడూ చనిపోవలసిందే. నాగమ్మ ప్రతి ఏడూ దోషిగా నిలబడవలసిందే. నేను చూసినంతలో ఆమె పక్షాన ఆయుధం మోసుకొచ్చినవాళ్ళు నాకు కనిపించలేదు. రాజ్యతంత్రం నడిపిన ఒక ఆడదాని వేషం ఎవరూ కోరుకోకపోవడం కూడా విమర్శకుడు గుర్తించవలసిన విషయమే.

మన అభ్యుదయ నాటకోద్యమం 1940లలో ఈ కథను చేతికి తీసుకుంది. షేక్ నాజర్ బుర్రకథగా పల్నాటి యుద్ధాన్ని ఊరూరా వినిపించాడు. ఒక ముస్లిం కళాకారుడు వైష్ణవ వీరుడి కథ చెబితే అన్ని కులాలవాళ్ళూ తెల్లవార్లూ విన్నారు. అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఉద్యమం కథకుణ్ణి మార్చింది, వస్తువును పదును పెట్టింది. ప్రేక్షకుణ్ణి మాత్రం చాపమీదే ఉంచింది. ఆ తరవాత మన విమర్శ రెండు దారుల్లో పోయింది. ఒకరు కారంపూడిని భూస్వామ్య అవశేషమని, మూఢభక్తి అని కొట్టిపారేశారు. మరొకరు ప్రజల కళ, ప్రజల కళ అంటూ హారతి పట్టారు. మొదటివారికి ఆయుధం మోసే మనిషి కనబడలేదు. రెండోవారికి చాప ఎత్తేసిన మర్నాడు కనబడలేదు.

ఈలోగా ఖాళీగా ఉన్న వేషాన్ని వేరేవాళ్ళు తొడుక్కున్నారు. ‘పల్నాటి పౌరుషం’ అన్న మాట ఇవాళ ఎక్కువగా వినిపించేది రాజకీయ సభల్లో. నాయకులకు బ్రహ్మనాయుడి పోలిక, అనుచరులకు బాలచంద్రుడి పోలిక. 2024 మే 13న పోలింగు నాడూ ఆ తరవాతా మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన హింస, 144 సెక్షను కింద మూతపడిన మా వీధులు నాకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో కర్రలు పట్టుకుని తిరిగిన కుర్రవాళ్ళకూ ఒక వేషం ఉంది. ఎవరిదో యుద్ధం, ఎవరిదో రాజ్యం. పడిపోయేది మాత్రం ఈ పిల్లలు. వీరకథలోంచి ఆయుధాన్ని తీసుకుని చాపను వదిలేస్తే మిగిలేది ఇదే.

అందుచేత మన నాటక రచయితలకూ, ఎం.ఏ. చదివే మిత్రులకూ నేను చెప్పదలచుకున్నది ఒక్కటి. మాచర్లకూ గురజాలకూ వెళ్ళి శాసనాలు చదవండి, మంచిదే. కానీ కార్తీక అమావాస్యకు కారంపూడిలో అయిదు రోజులు ఉండి, పాడేవాడి ముఖం కాక వినేవాడి చేతులు చూడండి. ఆ చేతుల్లో ఏ వీరుడి ఆయుధం ఉందో, అది వాళ్ళ ఇంటికి ఎట్లా వచ్చిందో, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికి ఉందో, ఎవరికి లేదో అడగండి. తరవాత మీ ఊళ్ళో నాటకం వేసినప్పుడు పాత్రలు పంచే కాగితం మీద ఎవరి పేరు ఎక్కడ రాశారో ఒకసారి తిరిగి చూసుకోండి. మా బడిలో ఈసారి మళ్ళీ ఆ నాటికే వేయిస్తున్నాను. కన్నమదాసు వేషానికి పేరు ఇంకా రాయలేదు. ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. రెండిళ్ళలో కాదన్నారు. మూడో ఇంటికి వచ్చే ఆదివారం వెళ్ళాలి.